అరకు రైలు, పాపికొండల లాంచీ ఒకే ప్రయాణంలో: విజయవాడ, గుంటూరు వాసులకు సమగ్ర మార్గదర్శి

కార్తీకం దగ్గరపడేకొద్దీ ఒకటే ప్రశ్న వస్తుంటుంది: అరకు రైలూ పాపికొండల లాంచీ రెండూ ఒకే విడతలో చూసి రావచ్చా? రావచ్చు. నాలుగు రోజులు, మూడు రాత్రులు ఉంటే హడావుడి లేకుండా అవుతుంది. విశాఖ వెళ్లే దారిలోనే రాజమండ్రి ఉంది కాబట్టి అదనంగా తిరగాల్సిన దూరం కూడా పెద్దగా లేదు.

చిక్కంతా ఒక్కచోటే. అరకు రైలు టికెట్ రెండు నెలల ముందే ఖాయం చేసుకోవాలి. లాంచీ కదులుతుందో లేదో మాత్రం గోదావరి నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది, అదీ ఒక రోజు ముందు గానీ తేలదు. ఈ రెండింటినీ ఒకే తాటిమీదకు ఎలా తేవాలో తెలిస్తే మిగతాది తేలికే.

1. ముందు కొండ, తర్వాత నది

చాలామంది రాజమండ్రి ముందు వస్తుంది కదా అని అక్కడే దిగి, పాపికొండలు చూసుకుని, ఆపైన విశాఖ వెళ్లాలనుకుంటారు. మ్యాపులో అదే సులువుగా కనిపిస్తుంది. కానీ లాంచీ రద్దయితే రాజమండ్రిలో ఒక రోజు వృథా. లాంచీ తిరిగి రావడం ఆలస్యమైతే విశాఖ వెళ్లే బండి తప్పుతుంది, దాంతో మర్నాటి అరకు టికెట్ కూడా పోతుంది. ఒకదాని దెబ్బ ఇంకోదానికి తగులుతుంది.

అందుకే లాంచీని చివరి రోజుకు పెట్టండి. అది రద్దయినా మీరు అప్పటికే ఇంటిదారిలో సగం దూరం వచ్చి ఉంటారు. ముందున్న టికెట్లు వేటికీ ఢోకా ఉండదు.

వరుస ఇలా ఉండాలి:

- మొదటి రోజు: విజయవాడ లేదా గుంటూరు నుంచి పగటి బండిలో విశాఖ. రాత్రి బస విశాఖ స్టేషన్‌కు దగ్గర్లో.
- రెండో రోజు: ఉదయం రైల్లో అరకు. బొర్రా గుహలు చూస్తూ కారులో కిందికి. రాత్రి బస విశాఖ.
- మూడో రోజు: మధ్యాహ్నం బండిలో రాజమండ్రి. రాత్రి బస అక్కడే.
- నాలుగో రోజు: పాపికొండలు. రాత్రి పది దాటాక ఇంటికి.

ఇంకో రోజు వీలుంటే దాన్ని అరకులోనే కలపండి, రాజమండ్రిలో కాదు.

2. ఎప్పుడు వెళ్లాలి

నవంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు రెండూ కలిసొచ్చే కాలం. నవంబరు, డిసెంబరుల్లో అరకు చుట్టూ వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి, కాఫీ తోటల్లో పండు కోత నడుస్తుంటుంది. గోదావరి వరద తగ్గి నిలకడగా ఉంటుంది.

జులై నుంచి అక్టోబరు వరకు ఈ జంట ప్రయాణం పెట్టుకోవద్దు. అరకు ఆ నెలల్లో పచ్చగా కళకళలాడుతుంది, నిజమే. కానీ గోదావరి వరదలో లాంచీలు ఆపేస్తారు. గట్టి వాన పడితే ఘాట్‌లో పట్టాల మీద కొండచరియలు పడి రైళ్లు ఆగిపోతాయి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం కబురు వినిపిస్తే రెండిటికీ ఇబ్బందే.

మార్చి తర్వాత లాంచీలు తిరుగుతాయి గానీ డెక్కు మీద ఎండ కాల్చేస్తుంది. కొండలు ఎండిపోయి ఉంటాయి.

శని, ఆదివారాలు, కార్తీక సోమవారాలు, సంక్రాంతి వారం, క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా తప్పించండి. సోమవారం బయల్దేరి గురువారం రాత్రికి తిరిగొచ్చేలా పెట్టుకుంటే రైల్లోనూ లాంచీలోనూ ఊపిరాడుతుంది. కార్తీకంలో అయితే మంగళవారం బయల్దేరండి.

3. రైలు టికెట్లు: ఏది ముందు, ఏది తర్వాత

ఘాట్ ఎక్కే పగటి బండి విశాఖపట్నం–కిరండూల్ ప్యాసింజర్ (58501). విశాఖలో ఉదయం ఏడు లోపే బయల్దేరి, దాదాపు నాలుగు గంటల్లో అరకు చేరుతుంది. వేళలు అప్పుడప్పుడు మారుతుంటాయి, టికెట్ తీసే రోజున ఒకసారి చూసుకోండి.

ఇక్కడ అందరూ చేసే పెద్ద తప్పు ఒకటుంది. కిరండూల్ పేరుతోనే రాత్రి ఎక్స్‌ప్రెస్ (18513) కూడా ఉంది. యాప్‌లో విశాఖ నుంచి అరకుకు వెతికితే రెండూ వస్తాయి. ఖాళీలు ఉన్నాయని రాత్రి బండి తీసుకుంటే ఘాట్ మొత్తం చీకట్లో దాటి, అర్ధరాత్రి వేళ అరకులో దిగుతారు. బయల్దేరే సమయం ఉదయమో కాదో చూశాకే డబ్బు కట్టండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. వరుస:

1. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ వారం ముందే పూర్తిచేయండి. రిజర్వేషన్ తెరిచేటప్పుడు ఆ ఖాతాలకే అవకాశం.
2. ప్రయాణికుల పేర్లు, వయసులు మాస్టర్ లిస్టులో ముందే ఎక్కించి పెట్టండి.
3. మొదటి రోజు విశాఖ టికెట్ ఒక రోజు ముందుగా తెరుచుకుంటుంది. అది తీసేయండి.
4. మర్నాడు ఉదయం 8కి అరకు టికెట్. దొరక్కపోతే మొదటి టికెట్ రద్దు చేసుకోండి. సెకండ్ సిట్టింగ్‌లో 48 గంటలకు ముందే రద్దు చేస్తే తలకు 60 రూపాయలే కోత.
5. అరకు ఖాయమయ్యాకే మూడో రోజు, నాలుగో రోజు టికెట్లు, హోటళ్లు.

అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె ఈ బండికి తగిలిస్తారు. సీట్లు తక్కువ, అందుకే తొందరగా అయిపోతాయి. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే దాన్నే తీసుకోండి. ఏసీ ఉంటుంది, సీటు తిప్పుకోవచ్చు, కొండ నెత్తి దాకా కనిపిస్తుంది. కానీ కిటికీలు తెరుచుకోవు. కొండగాలి తగలదు, ఫొటోల్లో అద్దం మెరుపు పడుతుంది. ఫొటోల కోసమే వెళ్లేవాళ్లకు స్లీపర్ లేదా సెకండ్ సిట్టింగ్‌లో కిటికీ పక్క సీటు మేలు, ఖర్చూ చాలా తక్కువ.

వెయిటింగ్ లిస్టు ఇ-టికెట్ చార్టు (సీట్ల తుది జాబితా) అయ్యేనాటికి ఖాయం కాకపోతే దానంతటదే రద్దవుతుంది. దాంతో బండెక్కడం కుదరదు. ఉదయపు బండి చార్టు ముందురోజు రాత్రే అయిపోతుంది కాబట్టి పడుకునే ముందు పీఎన్‌ఆర్ చూసుకోండి.

విశాఖ వెళ్లడానికి విజయవాడ వాళ్లకు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ అనువు. ఉదయం ఆరు దాటాక బయల్దేరి మధ్యాహ్నానికి చేరుస్తుంది. గుంటూరు వాళ్లకు సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఊళ్లోనే మొదలవుతుంది, సాయంత్రానికి విశాఖ. రాత్రి బండిలో వెళ్లి తెల్లారి దిగీ దిగగానే అరకు రైలెక్కుదామనే ఆలోచన వద్దు. కాగితం మీద గంట వ్యవధి కనిపిస్తుంది. కానీ దువ్వాడ దాటాక లైను ఖాళీ లేక అరగంట ఆగిందంటే అరకు బండి వెళ్లిపోతుంది. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగిల్చుకోబోయి ప్రయాణమంతా పోగొట్టుకుంటారు.

4. లాంచీ బుక్ చేసే ముందు అడగాల్సినవి

రాజమండ్రి నుంచి ఒకరోజు ప్యాకేజీ ఇలా ఉంటుంది. ఉదయం బస్సులో ఎక్కించుకుని గండిపోచమ్మ రేవుకు తీసుకెళ్తారు. అక్కడ లాంచీ. దేవీపట్నం, కచ్చులూరు, కొల్లూరు మీదుగా కొండల మధ్యకు వెళ్లి, పేరంటపల్లిలో ఆపి, అదే దారిన వెనక్కి. టిఫిన్, శాకాహార భోజనం, సాయంత్రం టీ సాధారణంగా ధరలోనే కలిపి ఉంటాయి.

పర్యాటక శాఖ బోట్లూ ఉన్నాయి, ప్రైవేటువీ ఉన్నాయి. ఎవరి దగ్గర తీసుకున్నా ఫోన్లో ఇవి అడగండి:

- బోటు పేరు ఏమిటి? రేవు దగ్గర వేరే బోటుకు మారుస్తారా?
- ఎంతమందికి అనుమతి ఉంది, ఆ రోజు ఎంతమందిని ఎక్కిస్తున్నారు?
- పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా? (వయసు కాదు, బరువు చెప్పండి.)
- ఏసీ గది ధరలో ఉందా, లోపలికి వెళ్తే అదనమా?
- నీటిమట్టం వల్ల రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా? వాట్సాప్‌లో రాసి పంపుతారా?
- బస్సు ఎక్కడ ఎక్కాలి, సాయంత్రం ఎక్కడ దింపుతారు?

మొదటి ప్రశ్నకు నీళ్లు నమిలే ఏజెంటును వదిలేయండి. బోటు పేరు చెప్పలేనివాడు సీట్లు పోగేసి ఇంకొకరికి అప్పగించే మధ్యవర్తి. తేడా వస్తే ఎవరూ పలకరు.

అడ్వాన్సు కొద్దిగా ఇవ్వండి, మిగతాది బస్సెక్కేటప్పుడు. ప్రయాణికులందరి పేరు, వయసు, ఫోన్ నంబరు ఆధార్‌లో ఉన్నట్టే ఇవ్వండి. రేవు దగ్గర కంట్రోల్ రూములో జాబితా సరిచూసి గానీ బోటు వదలరు. ఒక పేరు తేడా ఉంటే బోటు మొత్తం ఆగుతుంది.

గోదావరి సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, భద్రాచలంలో 43 అడుగులకు. టీవీలో ఆ హెచ్చరిక రాలేదు కాబట్టి లాంచీ ఎక్కవచ్చని లెక్కేసుకోకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు గోదావరిలో పారుతున్నది 5 లక్షల క్యూసెక్కుల పైచిలుకు. అంటే మొదటి హెచ్చరికలో సగం. వెడల్పుగా పారే నది కొండల మధ్య ఇరుకున పడేసరికి అంత నీరే సుడులు తిరుగుతుంది. ఎగువన తెలంగాణ, ఛత్తీస్‌గఢ్‌లలో గట్టి వానలు పడుతున్నట్టు చదివితే, రాజమండ్రిలో ఎండ కాస్తున్నా సరే, ముందురోజు సాయంత్రం రేవు పరిస్థితి అడిగి తెలుసుకోండి. బోట్లు ఆపారని చెబితే బతిమాలకండి, వేరే రేవు నుంచి పంపిస్తామనేవాళ్ల మాట అసలే వినకండి.

5. సంచిలో ఏం ఉండాలి

అరకు చలి, గోదావరి ఎండ ఒకే సంచిలో సర్దుకోవాలి. చక్రాల సూట్‌కేసు వద్దు. రేవు దగ్గర మెట్లు, ఇసుక, లాంచీకి వేసే ఇరుకు బల్ల, వీటి మీద అది గుదిబండే. వీపు సంచి మేలు.

- స్వెట్టరు, చెవులు కప్పే టోపీ. డిసెంబరు, జనవరుల్లో అరకులో తెల్లవారుజామున పళ్లు టకటకలాడతాయి.
- ఎండకు నూలు బట్టలు, అంచున్న టోపీ, చలువ కళ్లద్దాలు
- అడుగున పట్టున్న చెప్పులు లేదా బూట్లు. బొర్రాలోనూ రేవులోనూ తడి నేలే.
- దోమల మందు క్రీము. రెండు చోట్లా మలేరియా భయం ఉన్న ప్రాంతాలే.
- రోజూ వేసుకునే మందులు నాలుగు రోజులవి కాదు, ఆరు రోజులవి
- ఘాట్ రోడ్డుకు వాంతుల మాత్ర, డాక్టరును అడిగి
- ఒరిజినల్ ఆధార్, టికెట్ల పీడీఎఫ్ ఫోన్లో దింపుకుని
- చిన్న నోట్లతో నగదు. సొరంగాల్లోనూ కొండల మధ్య నది మీదా సిగ్నల్ ఉండదు, యూపీఐ పనిచేయదు.
- పవర్ బ్యాంకు, ఫోన్‌కు నీళ్లు చొరబడని కవరు
- స్టీలు నీళ్ల సీసా. పాపికొండలు జాతీయ ఉద్యానవనం, ప్లాస్టిక్ చెత్త అక్కడ వదలకూడదు.

6. మొదటి రోజు: విశాఖలో ఎక్కడ దిగాలి

బీచ్ ఎదురుగా హోటల్ తీసుకోవాలనిపిస్తుంది. తీసుకోకండి. తెల్లవారుజామున స్టేషన్‌కు చేరాలి కాబట్టి రైల్వేస్టేషన్ నుంచి పది నిమిషాల్లో వచ్చే చోట చూడండి. రెండో రాత్రి కూడా అదే హోటల్. అప్పుడు పెద్ద సంచి గదిలోనే వదిలి, చిన్న సంచితో అరకు వెళ్లిరావచ్చు.

సాయంత్రం ఆర్కే బీచ్ చాలు, సోమవారం కాకపోతే జలాంతర్గామి మ్యూజియం కూడా. తొమ్మిదిన్నరకు పడుకోండి.

మర్నాటి టిఫిన్ సంగతి రాత్రే తేల్చుకోండి. ఈ బండికి ప్యాంట్రీ లేదు. పొద్దున్నే తెరిచే హోటలేదో కనుక్కుని ఇడ్లీలు కట్టించుకోండి, చట్నీ వేరుగా.

7. రెండో రోజు: ఘాట్ రైలు

బండికి ముప్పావుగంట ముందు ప్లాట్‌ఫారం మీద ఉండండి. మీ పెట్టె ఎక్కడ ఆగుతుందో బోర్డు చూసి అక్కడే నిలబడండి. జనరల్ పెట్టెలో వెళ్లేవాళ్లయితే ఇంకో అరగంట ముందు.

ఎక్కేటప్పుడు కుడిచేతి వైపు కూర్చునేలా చూసుకోండి. లోయ ఎక్కువసేపు అటే కనిపిస్తుంది. మీకు ఎడమవైపు వస్తే ఎదుటివాళ్లతో సగం దూరానికి మార్పిడి మాట్లాడుకోండి. మలుపులు తిరిగేకొద్దీ ఎడమవైపూ కొన్ని దృశ్యాలు వస్తాయి కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు.

సింహాచలం, కొత్తవలస, శృంగవరపుకోట వరకు మామూలు మైదానమే. ఆ గంటన్నరలో టిఫిన్, టీ, బాత్రూము, అన్నీ కానిచ్చేయండి. బొడ్డవర దాటాక అసలు కథ. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ: ఈ వరుస కాగితం మీద రాసి పెట్టుకుంటే ఎక్కడున్నారో సిగ్నల్ లేకపోయినా తెలుస్తుంది. దారిలో 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి అరకు వైపు కొద్దిగా దిగుడు.

సొరంగం బయటికి వచ్చిన క్షణంలోనే లోయ కనిపిస్తుంది, కొన్నిచోట్ల మళ్లీ సొరంగం రావడానికి పది సెకన్లు కూడా పట్టదు. కెమెరా చీకట్లో ఉండగానే సిద్ధం చేసుకోవాలి. ఫోన్‌లో ఫ్లాష్ ఆపేయండి, వెలుతురు సర్దుబాటును (ఎక్స్‌పోజర్) బయటి కొండకు సరిపోయేలా లాక్ చేసి పెట్టండి. లేకపోతే ప్రతిసారీ మొదటి రెండు సెకన్లు తెల్లగా మాడిపోతుంది. విస్టాడోమ్‌లో ఫోన్‌ను అద్దానికి ఆనించి తీస్తే మెరుపు తగ్గుతుంది, ముదురు రంగు చొక్కా వేసుకుంటే ఇంకా తగ్గుతుంది.

తలుపు దగ్గర వేలాడటం, కిటికీలోంచి చెయ్యి చాపడం వద్దు. సొరంగం గోడ పెట్టెకు చాలా దగ్గరగా ఉంటుంది, స్తంభాలు చీకట్లో కనిపించవు. పిల్లలను తలుపు వైపు పంపకండి.

టికెట్ అరకు వరకే తీయండి. బొర్రాలో దిగిపోదామని కొందరు అక్కడికే తీసుకుంటారు. అప్పుడు శిమిలిగుడ ఎత్తు పోతుంది, పైగా బొర్రా స్టేషన్ నుంచి అరకు వెళ్లడానికి జీపుల కోసం పడిగాపులు.

8. అరకు నుంచి కిందికి కారులోనే

ఈ సలహాకు అభ్యంతరం చెప్పేవాళ్లుంటారు: రైలు చూడటానికి వచ్చి కారులో దిగడమేమిటని. కారణం వెలుతురు. తిరుగు ప్యాసింజర్ మధ్యాహ్నం మూడు దాటాక గానీ అరకుకు రాదు. కిరండూల్ నుంచి రావాలి, దారంతా ఖనిజం మోసే గూడ్సుల రద్దీ, అందుకే ఆలస్యం మామూలే. నవంబరు, డిసెంబరుల్లో ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. ఘాట్‌లో సగం చీకట్లోనే పోతుంది. కారులో అయితే బొర్రా గుహలు, అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింట్ వెలుతురుండగానే చూస్తారు. లోయకు అవతలి నుంచి మీరు వచ్చిన రైలు దారి కూడా కనిపిస్తుంది.

కారు మాట్లాడేటప్పుడు:

1. ముందురోజే ఫోన్లో మాట్లాడండి. బండి దిగాక స్టేషన్ బయట మాట్లాడితే వారాంతంలో రేటు పైకి పోతుంది.
2. చూపించే చోట్ల పేర్లన్నీ చెప్పి, విశాఖలో హోటల్ దగ్గర దింపడం వరకు ఒకే మొత్తం ఒప్పుకోండి.
3. పార్కింగ్, డ్రైవరు భోజనం అందులోనే అని చెప్పించుకోండి.
4. డ్రైవరు రాత్రి నిద్రపోయాడో లేదో అడగండి. ఘాట్‌లో అది మీ హక్కు.

అరకులో గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, భోజనం, ఒంటిగంటకల్లా బయల్దేరాలి. బొంగు చికెన్ తినాలంటే మ్యూజియంలోకి వెళ్లే ముందే చెప్పి వెళ్లండి, వెదురు బొంగులో ఉడకడానికి ముప్పావుగంట దాకా పడుతుంది. చాపరాయి వైపు తిరిగితే బొర్రా మిస్సవుతుంది, అది ఇంకోరోజు ఉన్నవాళ్లకే. బొర్రా గుహలు సాయంత్రం ఐదింటికల్లా మూసేస్తారు. లోపల గంట పడుతుంది కాబట్టి మూడున్నరకల్లా చేరాలి. మెట్లు చాలా ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదటి వేదిక దాకా దిగినా ఆ విశాలం కనిపిస్తుంది, కింది దాకా వెళ్లనక్కర్లేదు.

అరకు నుంచి విశాఖ దాదాపు 115 కిలోమీటర్లు. ఆగకుండా వస్తేనే మూడున్నర గంటలు.

9. మూడో రోజు: రాజమండ్రి

పొద్దున్నే లేవొద్దు. రెండో రోజు అలసట తీరాలి. మధ్యాహ్నం రత్నాచల్ ఎక్కితే మూడు గంటల్లో రాజమండ్రి.

బస్సు ఎక్కించుకునే చోటుకు దగ్గర్లో గది తీసుకోండి. ఏజెంటు ఆ చోటు చెప్పాకే బుక్ చేయండి. సాయంత్రం పుష్కరాల రేవులో గోదావరి హారతి చూడొచ్చు.

ఆరు గంటలకు మూడు ఫోన్లు: ఏజెంటుకు (రేపు బోటు ఉందా), హోటల్ కౌంటరుకు (సంచులు సాయంత్రం దాకా ఉంచుతారా), తిరుగు టికెట్ స్థితి కోసం 139కి.

10. నాలుగో రోజు: లాంచీ మీద

గండిపోచమ్మ రేవులో దిగాక అమ్మవారి దర్శనానికి సమయం ఇస్తారు. ముందు బాత్రూము, తర్వాత దర్శనం. లాంచీలో మరుగుదొడ్లు తక్కువ.

ఎక్కగానే సీటు కోసం పరుగెత్తకుండా జాకెట్ సంగతి చూడండి. తొడుక్కుని అన్ని బకిళ్లూ బిగించాక, ఇంకొకరిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా లేస్తే అది నీళ్లలో మిమ్మల్ని కాపాడదు, తలమీంచి జారిపోతుంది. చిన్న సైజు అడిగి మార్చుకోండి. పిల్లలకు కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీ ఉన్నదే కావాలి. ఉక్కపోస్తోందని డెక్కు మీద విప్పి సీటు కింద పెట్టేవాళ్లే ఎక్కువ. విప్పొద్దు.

జాకెట్ వేసుకున్నాక చూడాల్సినవి:

- బయటికి దారులు ఎన్ని, మీకు దగ్గరిది ఏది?
- ఏసీ గదిలో కూర్చుంటే దాని తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ తెరుచుకుంటుందా?
- గాలి ట్యూబులు ఎక్కడ వేలాడదీశారు?

పాపికొండల ఇరుకు ఎప్పుడొస్తుందో సరంగును (లాంచీ నడిపేవాణ్ని) అడగండి. నీటి వేగాన్ని బట్టి అది మారుతుంది, చాలాసార్లు భోజనాల వేళకే వస్తుంది. మొదటి పంక్తిలో తినేయండి, లేదా తిరుగు దారిలో తినండి. రెండు వైపులా కొండలు దగ్గరికొచ్చే ఆ కాసేపటి కోసమే ఇంత దూరం వచ్చింది, అప్పుడు చేతిలో సాంబారన్నం ప్లేటు ఉండకూడదు.

ఆ చోట మైకులో చెప్పగానే అందరూ ఒకేవైపు ఎగబడతారు. లాంచీ ఒరిగేది అప్పుడే. పై డెక్కు మీద బరువు ఎంత ఎక్కువైతే ఒరుగు అంత త్వరగా వస్తుంది. కూర్చున్న చోటే ఉండండి, వచ్చేటప్పుడు ఇదే దారి. వెళ్లేటప్పుడు కుడివైపు గట్టు చూసినవాళ్లు వచ్చేటప్పుడు రెండోది చూడొచ్చు.

పేరంటపల్లిలో శివాలయం ఉంది, మెట్లెక్కాలి. కొండరెడ్డి గిరిజనులు చేసిన వెదురు వస్తువులు అక్కడ అమ్ముతారు. బేరం ఆడకుండా కొనండి, పనితనానికి ఆ ధర తక్కువే. నీళ్లలో దిగొద్దు. ఒడ్డున మోకాలి లోతు కనిపిస్తుంది, రెండడుగులు వేస్తే ఇసుక జారి గోతిలోకి లాగుతుంది. వెనక్కి వచ్చే సమయం వాచీలో పెట్టుకుని, పది నిమిషాల ముందే బల్ల దగ్గర ఉండండి.

11. తిరుగు బండి

రాజమండ్రిలో దిగేసరికి రాత్రి ఏడు, ఎనిమిది అవుతుంది. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకున్నవాళ్లు అది వెళ్లిపోవడం బస్సులోంచే చూస్తుంటారు. రాత్రి పది తర్వాత బయల్దేరే బండికే తీసుకోండి.

అర్ధరాత్రి దాటాక వచ్చే బండి అయితే తేదీ జాగ్రత్త. గురువారం రాత్రి 12.20 అంటే టికెట్ మీద శుక్రవారం ఉండాలి. ఈ పొరపాటుకు డబ్బు వెనక్కి రాదు. రైలు కుదరకపోతే విజయవాడకు ఆర్టీసీ బస్సులు రాత్రి పొడవునా ఉంటాయి.

12. తేడా వస్తే ఏం చేయాలి

అరకు బండి రద్దయింది: ఇ-టికెట్ డబ్బు దానంతటదే తిరిగొస్తుంది. అదే రోజు కారులో శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లిరండి. చరియలు పడి రద్దయితే మాత్రం ఘాట్ రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కున్నాకే.

బండి మూడు గంటలకు పైగా ఆలస్యం: వెళ్లదలచుకోకపోతే అది మీ స్టేషన్ నుంచి కదలకముందే ఐఆర్‌సీటీసీలో టీడీఆర్ (డబ్బు వెనక్కి కోరే దరఖాస్తు) వేయండి. పూర్తి డబ్బు వస్తుంది. కదిలాక వేస్తే రాదు.

విస్టాడోమ్ దొరకలేదు: స్లీపర్ తీసుకుని వెళ్లండి. ప్రయాణం వాయిదా వేయాల్సినంత తేడా లేదు.

ఘాట్‌లో పిల్లలకు వాంతులు: కారు ఆపించి, ముందు సీట్లో కూర్చోబెట్టి, దూరంగా కొండను చూడమనండి. ఫోన్ చూస్తుంటేనే ఎక్కువవుతుంది.

లాంచీ ఆపేశారు: ముందురోజు సాయంత్రమే తెలిస్తే మారేడుమిల్లి అడవి దారి, లేదా కోనసీమలో దిండి. దిండి దగ్గర గోదావరి పాయలో హౌస్‌బోట్లు ఉంటాయి, అక్కడా నీటిమట్టం అడిగే వెళ్లాలి. రేవు దాకా వెళ్లాక తెలిస్తే అదే బస్సులో వెనక్కి వచ్చి, పగటి బండికో బస్సుకో ఇంటికి బయల్దేరండి. అడ్వాన్సు కోసం ఏజెంటు పంపిన వాట్సాప్ మెసేజ్ చూపించి, రాజమండ్రి వదిలేలోగానే డబ్బు వేయించుకోండి.